గాజు మీద వెలుగు, గాజు వెనక బొమ్మ

మ్యూజియం చూసి ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫోటోలు తిరగేస్తే చాలామందికి ఒకటే అనుభవం. పింగాణీ పాత్ర మీద ట్యూబులైటు గీత. చిన్న చిత్రపటం మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ మన మొహం. కత్తి ఒర మీద పక్కనున్నావిడ చీర అంచు. అక్కడ నిలబడి చూసినప్పుడు ఇవేవీ ఇంతగా అడ్డురాలేదే అనిపిస్తుంది. వచ్చాయి, మనం పట్టించుకోలేదంతే. మనకు రెండు కళ్ళున్నాయి, తల అటూ ఇటూ కదులుతుంది, ధ్యాస కావలసిన వస్తువు మీదే నిలుస్తుంది. కెమెరా మాత్రం ఒక్క చోటునుంచే చూస్తుంది. లెన్స్‌లోకి వచ్చిన వెలుగంతా దానికి ఒకటే.

ఫోన్ మంచిది కాదనుకుని కొత్తది కొనేవాళ్ళూ ఉన్నారు. కానీ తేడా వచ్చేది గాజుకు రెండు వైపులా ఉన్న వెలుగులో, మనం నిలబడిన చోటులో.

నూటికి ఎనిమిది

గాలిలోంచి గాజులోకి దిగగానే వెలుగు వేగం దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.5 అనడంలో అర్థం ఇదే. వేగం మారే ఇలాంటి ప్రతి హద్దు దగ్గరా కొంత వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో లెక్కగట్టే సూత్రాలను ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820లలో ఇచ్చాడు. వాటి ప్రకారం గాజు మీద సూటిగా పడిన వెలుగులో 4 శాతం ముందు ముఖం నుంచి, దాదాపు మరో 4 శాతం వెనక ముఖం నుంచి తిరిగొస్తాయి. మొత్తం సుమారు 8 శాతం. రెండు పలకలున్న కిటికీకి నాలుగు ముఖాలు కాబట్టి అక్కడ ఇది 15 శాతం దాకా వెళుతుంది.

ఈ 8 శాతం పగలూ రాత్రీ ఒకటే. మారేది రెండు వైపుల వెలుగుల నిష్పత్తి. ఉదాహరణకు గదిలో 200 లక్స్, బయట పగలు 10,000 లక్స్ వెలుగు ఉందనుకుందాం. గాజు మన వైపు తిప్పి పంపే గది వెలుగు 16 పాళ్ళు, బయటినుంచి దాటి వచ్చేది 9,200 పాళ్ళు. అందుకే మన ప్రతిబింబం ఉందన్న సంగతే తెలియదు. రాత్రయి బయటి వెలుగు 5 లక్స్‌కు పడిపోతే, దాటి వచ్చేది నాలుగున్నర పాళ్ళే. గది ప్రతిబింబం అదే 16. ఇప్పుడు కిటికీలో కనబడేది మనమే. రాత్రి రైలు కిటికీలోంచి గోదావరి వంతెన తీద్దామంటే బోగీలో దీపాలు పడటానికి కారణం ఇదే. లెన్స్‌ను గాజుకు ఆనించి చుట్టూ అరచెయ్యో నల్ల గుడ్డో అడ్డం పెడితే ఆ 16 పాళ్ళు సున్నాకు దగ్గరవుతాయి.

మ్యూజియంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. పాత వస్త్రాలు, కాగితం మీద వేసిన చిత్రాలు వెలుగుకు రంగు వెలిసిపోతాయి కనుక వాటి మీద 50 లక్స్‌కు మించకుండా చూడటం మ్యూజియాల్లో సాధారణ నియమం. బొమ్మ మసక వెలుగులో ఉంటుంది, చూసేవాడి తెల్ల చొక్కా అంతకంటే వెలుగులో ఉంటుంది. ముదురు రంగు బట్టలు వేసుకెళ్ళడం ఇక్కడ నిజంగానే పనికొస్తుంది. ఫ్లాష్ వేస్తే మ్యూజియం వారు ఊరుకోరు. ఊరుకున్నా, సూటిగా వెళ్ళిన ఫ్లాష్ సూటిగా తిరిగొచ్చి ఫోటో మధ్యలో తెల్ల మచ్చ పెడుతుంది.

పారిస్ కిటికీలో దొరికిన కిటుకు

ఎదురుగా తీస్తే ప్రతిబింబం తప్పనప్పుడు పక్కకు జరగాలి. ఎంత జరగాలన్నదానికి ఒక కచ్చితమైన కోణం ఉంది.

1808లో ఎటియెన్ లూయీ మాలస్ అనే ఫ్రెంచి ఇంజనీరు, పారిస్‌లోని లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీల మీద మెరుస్తున్న సాయంకాలపు ఎండను ఒక కాల్సైట్ స్ఫటికం గుండా చూశాడు. స్ఫటికాన్ని తిప్పేకొద్దీ ఆ మెరుపు హెచ్చుతూ తగ్గుతూ వచ్చింది. మామూలు సూర్యకాంతిలో తరంగాలు అన్ని దిక్కులా కంపిస్తాయి. గాజు మీద వాలుగా పడి తిరిగొచ్చిన వెలుగులో మాత్రం ఒక దిక్కు కంపనాలే ఎక్కువ. దీన్నే ధ్రువణం అంటారు. ఏ కోణంలో ఇది సంపూర్ణమవుతుందో స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ బ్రూస్టర్ 1815లో తేల్చాడు. పిల్లలు ఆడుకునే కెలిడోస్కోపును కనిపెట్టింది కూడా ఆయనే. గాజుకు బ్రూస్టర్ కోణం సుమారు 56 డిగ్రీలు. అది గాజుకు లంబంగా నిలిపిన గీతనుంచి కొలిచే లెక్క. గాజు పలకనుంచి కొలిస్తే 34 డిగ్రీలు.

కెమెరాకు తగిలించే పోలరైజర్ ఫిల్టరు పనిచేసేది దీని మీదే. కిటికీ నిలువు ఊచల మధ్యనుంచి పోస్టుకార్డును నిలువుగా పడితేనే లోపలికి దూర్చగలం, అడ్డంగా పడితే తగులుకుంటుంది. ఫిల్టరు కూడా ఒక దిక్కు కంపనాలనే పోనిస్తుంది. 34 డిగ్రీల వాలులో నిలబడి ఫిల్టరును నెమ్మదిగా తిప్పితే, ఒక చోట గాజు మీది మెరుపు దాదాపు మాయమై లోపలి బొమ్మ తేటపడుతుంది. నిండా సగం వెలుగును ఫిల్టరే మింగేస్తుంది కనుక మసక గదుల్లో చెయ్యి కదలకుండా పట్టుకోవాలి.

ఫిల్టరు లేకపోతే పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు చాలు. మీవి అలాంటివో కావో తెలియాలంటే వాటిగుండా ల్యాప్‌టాప్ తెరను చూస్తూ తిప్పండి, తెర నల్లబడితే అవే. అయితే ఈ కళ్ళద్దాలను నీళ్ళు, రోడ్డు లాంటి పడక తలాల మెరుపును ఆపడానికి అమరుస్తారు. గోడలా నిలబడిన గాజును పక్కనుంచి చూసేటప్పుడు మెరుపులోని కంపనం నిలువుగా ఉంటుంది. కాబట్టి కళ్ళద్దాన్ని పావు చుట్టు తిప్పి లెన్స్ ముందు పెట్టాలి. లోహపు పూత పూసిన ముఖం చూసుకునే అద్దం మీద మాత్రం ఈ కిటుకు పారదు. లోహం నుంచి తిరిగొచ్చే వెలుగు ఏ కోణంలోనూ పూర్తిగా ధ్రువణం చెందదు.

వంద నానోమీటర్ల పూత

ప్రతిబింబాన్ని గాజు మీదే అణచే దారి కూడా ఉంది. కాలంతో మసకబారిన పాత గాజు కొత్త గాజుకంటే ఎక్కువ వెలుగును పోనిస్తోందని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1886లోనే గమనించాడు. 1935లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా లెన్సులకు పూత వేసే పద్ధతిని రూపొందించాడు. 1938లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న క్యాథరీన్ బ్లాడ్జెట్ సబ్బు జాతి పదార్థాన్ని అణువు మందం పొరలుగా పేర్చి, మెరుపు లేని గాజును చూపించింది. పూత పై ముఖం నుంచి, కింది ముఖం నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే పూత మందం, పూత లోపల వెలుగుకుండే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. మెగ్నీషియం ఫ్లోరైడ్‌కు అది సుమారు 100 నానోమీటర్లు. అన్ని రంగులూ ఒకే మందానికి లొంగవు కనుక, మిగిలిపోయిన రంగులు కెమెరా లెన్స్ మీద ఊదాగానో ఆకుపచ్చగానో మెరుస్తాయి.

ప్రతిబింబమే బొమ్మ అయినప్పుడు

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే కొయ్యలో వీపుకు వీపు చెక్కిన జంట శిల్పం ఉంది. ముందు వైపు దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక యువతి మార్గరెట్టా. వెనక నిలిపిన అద్దంలోనే ఆమె మనకు కనబడుతుంది. ఫోటోలో ఇద్దరిలో ఒకరు మసకబారితే తప్పు చేతిది కాదు. అద్దంలోని బొమ్మ అద్దం మీద ఉండదు, వస్తువు అద్దానికి ఎంత దూరంలో ఉంటే అద్దానికి అవతల అంతే దూరంలో ఉంటుంది. శిల్పం మనకు 3 మీటర్ల దూరంలో, అద్దం దాని వెనక మీటరులో ఉంటే, కెమెరా ఫోకస్ చేయాల్సిన మార్గరెట్టా ఉన్నది 5 మీటర్లలో. ఇద్దరూ స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేయాలి, లేదా ఇంకాస్త వెనక్కి జరగాలి.

వెలుగు దాటి వస్తేనే బొమ్మయ్యే గాజూ ఉంది. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన మెదక్ చర్చిలో లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం కనబడతాయి. రంగు గాజులో కోబాల్టు నీలాన్ని, మాంగనీసు ఊదాను, బంగారపు అతి సూక్ష్మ కణాలు కెంపు రంగును ఇస్తాయి. ఇవి కొన్ని రంగుల వెలుగును మింగి మిగతాదాన్ని మనకు వదులుతాయి. అందుకే పగటి పూట లోపలినుంచి చూస్తేనే వాటి అందం. చీకటి హాలును చూసి కెమెరా వెలుగు పెంచుకుంటుంది, దాంతో రంగులు పాలిపోతాయి. ఫోన్ తెర మీద కిటికీనే తాకి వెలుగును కిందికి లాగండి. మబ్బు పట్టిన రోజయితే అన్ని పలకల వెనకా వెలుగు సమంగా ఉంటుంది.

మన గోడ మీది పటాలు

ఇదంతా అందరికీ ఎక్కువ అక్కరకొచ్చేది ఇంట్లోనే. చాలా ఇళ్ళలో తాతమ్మల, తాతయ్యల ఫోటోలు గాజు పటాల్లోనే ఉన్నాయి. కొన్నిటిలో తేమకు ఫోటో మీది జిలాటిన్ పొర గాజుకు అతుక్కుపోయి ఉంటుంది, లాగితే బొమ్మ ఊడొస్తుంది. అలాంటిదాన్ని పటంలోంచి తీయకుండా గాజు మీదుగానే ఫోటో తీయడం మేలు. పటాన్ని దించి, గాజు తుడిచి, కిటికీ వెలుగు పక్కనుంచి 45 డిగ్రీల వాలులో పడేలా నిలబెట్టండి. ఎండ నేరుగా తగలకూడదు. గాజులో మీ వెనకున్నదే కనబడుతుంది కాబట్టి, నల్ల దుప్పటికి చిన్న కంత చేసి ఫోన్ ముందు తెరలా పట్టించి లెన్స్‌ను అందులోంచి చూడనివ్వండి. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను పటానికి సమాంతరంగా పట్టి, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి.

ఫోటోలు వెలిసిపోతున్నాయి, చెదలు తింటున్నాయి, అందులో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పగలిగే పెద్దలు తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో ఇంట్లో పటాలన్నిటికీ ఇలా నకళ్ళు తీసి, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది పెద్దల్ని అడిగి రాసి పెట్టండి.