కార్బురేటరు జెట్లను బాగుచేయుట

పాత మోటారుసైకిలు కొన్నవారికి తఱచుగా చిక్కు తెచ్చునది కార్బురేటరులోని జెట్టు. ఇది చిన్న ఇత్తడి మర. దీని నడుమ సన్నని రంధ్రము గలదు. ఇంజనుకు పోవు పెట్రోలును కొలుచునది ఆ రంధ్రమే. 1927లో మూడు ఇంగ్లీషు కార్బురేటరు వ్యాపారములు కలియగా నేర్పడిన అమల్ వారి మెయిన్ జెట్టుపై నుండు అంకె, నిమిషమునకు దానిగుండ పాఱు ఘన సెంటీమీటర్లను తెలుపును.

ఎండిన పెట్రోలు జిగురై రంధ్రము మూసికొనినచో గాలి ఎక్కువై ఇంజను కాగును. ఒక్కొక్కప్పుడు పిస్టను కరగి చిల్లు పడును. అందుచేత యజమానులు తొందరపడి ఉక్కుతీగతో పొడిచెదరు. ఇత్తడి మెత్తనిది గాన రంధ్రము వెడల్పగును. మేమును ఒకసారి కుట్టుసూదితో నట్లే చేసి, నెలదినములు ప్లగ్గుపై మసి తుడుచుకొంటిమి!

జెట్టును థిన్నరులో నొక రాత్రి నానవేసి, పంపుతో గాలి ఊదవలెను. అప్పటికిని వదలనిచో విద్యుత్తీగలోని రాగి పోగొకటి చాలును. పిమ్మట వెలుతురునకెత్తి చూచినచో రంధ్రము గుండ్రముగా కనబడవలెను. వెడల్పైన దానిని టంకముతో పూడ్చి మరల తొలుచువారు కలరు; మాకది నచ్చదు, క్రొత్త జెట్టు వెల స్వల్పమే.

ఒడలిలో బిగిసినదానిని బలముగా త్రిప్పినచో గాడి విఱుగును. ఒడలిని వేడినీట ముంచినచో జింకు మిశ్రలోహము ఇత్తడికంటె నెక్కువగా వ్యాకోచించి పట్టు సడలును. 1967లో వచ్చిన కాన్సెంట్రిక్ రకము పెక్కింటిలో పైలట్ జెట్టు ఊడదు. దాని రంధ్రము 0.016 అంగుళము. 78వ నంబరు డ్రిల్లును వ్రేళ్లతోనే మెల్లగా త్రిప్పవలెను, యంత్రముతో గాదు.