నూరిన మైలుతుత్తము రంగు ఏమైనది?

ప్రయోగశాలలో మైలుతుత్తపు స్ఫటికమును చూడని విద్యార్థి యుండడు. ముదురు నీలముగా నుండు ఆ పలుకును కల్వములో వేసి నూరినచో పొడి లేత నీలమగును. మరింత మెత్తగా నూరినచో ఇంకను వెలవెలబోవును. (వేడిచేసినపుడు తెల్లబడుట వేరు సంగతి; అచట నీరు పోయి పదార్థమే మారును.) నూరినంత మాత్రమున పదార్థము మారలేదు గదా, మరి రంగెక్కడికి పోయినది? ఒక విద్యార్థి ఈ ప్రశ్న వేసిననాడు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. గాజు పారదర్శకము, సుద్ద అపారదర్శకము అని పట్టికలు వ్రాయించుటకు అలవాటుపడిన మాకు, లోపము ఆ పట్టికలోనే యున్నదని అప్పుడు తోచినది.

గాలి నుండి గాజులోనికి పోవు కాంతిలో సుమారు నూటికి 4 వంతులు ఉపరితలము వద్దనే వెనుకకు మరలును. గాజు వక్రీభవన గుణకము సుమారు 1.5, గాలిది దాదాపు 1. ఈ తేడాయే అందులకు కారణము. నునుపైన పలకలో కాంతి దాటవలసిన ఉపరితలములు రెండే. దానినే పొడి చేసినచో లెక్కలేనన్ని రేణువులు, వాని నడుమ గాలి. ప్రతి అంచు వద్దను కాంతి కొంత మరలుచు, కొంత వంగుచు, నలుదిక్కులకు చెదరి, చాలభాగము మన కంటికే తిరిగి వచ్చును. ఏ రంగునూ ప్రత్యేకముగా మ్రింగలేదు గనుక అది తెలుపు. ఉప్పు, చక్కెర, నురుగు, మేఘము, వీని తెలుపంతయు ఇట్టిదే.

రంగు కథ వేరు. మైలుతుత్తము ఎరుపు కాంతిని శోషించి నీలమును విడుచును. కాని అందులకు కాంతి దానిలో కొంత దూరము నడువవలెను. పొడిలో ఆ అవకాశమేది? లోతునకు పోకముందే వెనుదిరుగును. ఆ పొడిపై కొబ్బరినూనె పోసినచో (నీరు పనికిరాదు, కరగించివేయును) నడుమనున్న గాలి తొలగి, గుణకముల తేడా తగ్గి, నీలము మరల చిక్కబడును. తడిసిన గుడ్డ ముదురుగా కనబడుటయు, నూనె పడిన కాగితము గుండ వెలుగు వచ్చుటయు ఇందువలననే.

హెచ్.జి. వెల్స్ 1897లో ప్రచురించిన ‘ది ఇన్విజిబుల్ మాన్’ నవలలో గ్రిఫిన్ అను పాత్ర నీటిలో వేసిన గాజుపొడినే ఉదాహరణగా చూపి, తన శరీర గుణకమును గాలితో సమానము చేసికొని అదృశ్యుడగును. నవల రసవత్తరమే. కాని కన్నులు సైతము పూర్తిగా గాలివంటివైనచో రెటీనా కాంతిని ఆపజాలదు; ఆగని కాంతి చూపు కానేరదు. అట్టివాడు ఎవరికిని కనబడడు, అతనికి ఎవరును కనబడరు.