పాత ఆటోమేటిక్ కారులో గేరు నూనె పరీక్ష

డ్రైవరు క్లచ్ తొక్కకుండానే గేర్లు వాటంతట అవే మారే ఆటోమేటిక్ కార్లు, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌కు జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్సును అమర్చిన తరువాత అమెరికాలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. మెకానిక్కులు ఏటీఎఫ్ అని పిలిచే వీటి గేరు నూనె పళ్లచక్రాలు అరగకుండా కాపాడటంతో ఆగదు. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లో తిరిగేది, లోపలి క్లచ్ పలకలను ఒత్తిడితో బిగించేది, అక్కడ పుట్టే వేడిని మోసుకుపోయేది కూడా ఈ నూనెయే. నూనె తగ్గితే పంపు గాలిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. రెండు సందర్భాల్లోనూ నూనెలో గాలి చేరి ఒత్తిడి నిలవక, ఇంజిన్ మోత పెరిగినా కారు వేగం అందుకోని స్థితి వస్తుంది.

ఇంజిన్ ఆయిల్‌ను ఇంజిన్ ఆపి చూసే అలవాటే ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇంజిన్ ఆగితే పైభాగాల్లోని నూనె అడుగు తొట్టిలోకి దిగి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది కనుక, డిప్‌స్టిక్ ఉన్న పాత కార్లలో ఎక్కువవాటికి, కొంతదూరం నడిపి నూనె వేడెక్కాక, సమతలంపై హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి గేరు లీవరును అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పి, పార్క్‌లో ఉంచి, ఇంజిన్ నడుస్తుండగానే మట్టం చూడాలి. అయితే క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్సుకు న్యూట్రల్‌లో చూడాలి, అనేక హోండా కార్లకు ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి. అందువల్ల ఆ కారు మాన్యువల్ మాటే ప్రమాణం. డిప్‌స్టిక్‌ను పోగులు ఊడని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీసి చదవాలి.

మట్టం కన్నా నూనె రంగు, వాసన ఎక్కువ చెబుతాయి. కొత్త ఏటీఎఫ్‌కు సాధారణంగా ఎర్ర రంగు కలుపుతారు. అది ముదురు గోధుమరంగుకు మారి మాడు వాసన వేస్తే క్లచ్ పలకలు కాలిపోయి ఉండవచ్చు. పాలు కలిసినట్టు గులాబీ రంగులో కనిపిస్తే, రేడియేటర్ లోపల నూనెను చల్లబరిచే గొట్టం చిల్లుపడి కూలెంట్ కలిసిందని అనుమానించాలి. అప్పుడు కారును ఇక నడపకూడదు.

నూనె పోయవలసి వస్తే రకం తప్పకూడదు. 1960ల, 70ల ఫోర్డు కార్లు అనేకం కోరిన టైప్ ఎఫ్‌లో రాపిడి స్వభావాన్ని మార్చి గేరు మార్పును మెత్తబరిచే రసాయనాలు ఉండవు. 1967లో వచ్చిన డెక్స్రాన్‌లో అవి ఉన్నాయి, తొలినాళ్లలో అందుకు స్పెర్మ్ తిమింగలం నూనెను సైతం వాడారు. ఆ కాలపు క్లచ్ పలకలను ఆయా నూనెకు తగినట్టే తయారుచేశారు.

ఇంజిన్ ఆయిల్ నడకలో కొంత ఖర్చవుతుంది గాని, ఏటీఎఫ్ అలా ఖర్చయ్యేది కాదు. కనుక మట్టం పదేపదే తగ్గుతుంటే నూనె పోసి ఊరుకోకుండా, అది ఎక్కడ కారుతున్నదో మెకానిక్ చేత వెతికించి బాగుచేయించుకోవాలి.