ఉపశమన చికిత్స: వరాఛా నుండి స్వగ్రామము దాకా

వ్యాధి కుదురదని వైద్యులు చెప్పిన తరువాత రోగికి చేయదగినది ఏమియు లేదని పలువురి అభిప్రాయము. ఇది సరికాదు. వ్యాధి నయము కాకపోయినను నొప్పిని, ఆయాసమును, వాంతులను, పుండ్ల దుర్వాసనను, మనోవేదనను తగ్గింపవచ్చును. దీనినే ఉపశమన చికిత్స యందురు. క్యాన్సరు రోగులకే కాక గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు చెడినవారికిని, పక్షవాతముతో మంచము పట్టినవారికిని ఇది అవసరము. భారత ప్రభుత్వము 2012లో ఇందుకొరకు జాతీయ కార్యక్రమమును రూపొందించెను.

సూరత్ నగరమున వరాఛా వజ్రములకు సానపట్టు కార్ఖానాలకు, మరమగ్గములకు పేరుపొందిన పేట. ఇచటి పనివారిలో పెక్కురు సౌరాష్ట్రము నుండి, ఒడిశా నుండి వచ్చినవారు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల నుండి మగ్గము పనికై తరలివచ్చిన పద్మశాలి కుటుంబములును ఈ నగరమున, ముఖ్యముగా లింబాయత్ పేటలో, నెలకొన్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలను కూడ నడుపుచున్నది.

ఇట్టి కుటుంబములో ఏబది ఏండ్ల మగ్గపు పనివానికి నోటి క్యాన్సరు ముదిరినదనుకొందము. పరీక్ష ఒక ఆసుపత్రిలో, కిరణ చికిత్స మరియొక చోట, కట్లు మార్చుట పేటలోని ఆరోగ్య కేంద్రములో, రాత్రివేళ నొప్పి హెచ్చినపుడు వీధి చివరి మందుల దుకాణములో. ప్రతి చోటను ఒక చీటీ. ఒకే జాతి నొప్పి మాత్రలు రెండు పేర్లతో కడుపున పడి రక్తము కక్కుకొనువారును కలరు. వైద్యులు కొరవడలేదు, ఒకరి మాట ఒకరికి చేరలేదు.

కావున మొట్టమొదట ఒక్కరిని బాధ్యులుగా నిర్ణయింపవలెను. వారు పెద్ద వైద్యులు కానక్కరలేదు. రోగి ఇంటి నెరిగి, ఆసుపత్రి వారితో ఫోనున మాటలాడి, మందులన్నిటిని ఒకే పుస్తకములో వ్రాయించు నర్సు చాలును. కేరళమున 1993లో కోళికోడు నందు ఆరంభమైన కృషి ఈ దారినే సాగినది. ఆ రాష్ట్రము 2008లో ఉపశమన చికిత్సా విధానమును ప్రకటించిన తరువాత, స్థానిక సంస్థలు నర్సును రోగి ఇంటికే పంపు ఏర్పాటు విస్తరించెను.

భాష విషయము చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. తెలుగువాడు మంట, పోటు, సలుపు, తిమ్మిరి అని వేరువేరుగా చెప్పుకొనును. తెలుగు రాని నర్సు చెవికి ఇవన్నియు నొప్పి అను ఒక్క మాటగానే చేరును. మంటయు తిమ్మిరియు నరము దెబ్బతిన్నదనుటకు గుర్తులు కావచ్చును. అట్టి నొప్పికి మార్ఫిన్ ఒక్కటియే చాలక వేరు మందు కలుపవలసియుండును. గుజరాతీ నేర్చిన పదేండ్ల బాలుని తండ్రికిని వైద్యునికిని నడుమ నిలుపుట పలు ఇండ్లలో వాడుక. తండ్రికి ఇక నయము కాదను మాటను ఆ పసివాని నోట పలికించుట ఎంతమాత్రము తగదు. పెద్దవారొకరు, తెలుగు బడి పంతులైనను సరే, తోడు వెళ్లవలెను.

అంత్యకాలమున సొంత ఊరు చేరగోరుట సహజము. నవజీవన్ ఎక్స్‌ప్రెస్సున సూరత్ నుండి వరంగల్లుకు దాదాపు ఇరువది గంటల ప్రయాణము. సాధారణపు మార్ఫిన్ మాత్ర ప్రభావము సుమారు నాలుగు గంటలు. అనగా బండిలోనే ఐదు మోతాదులు వేయవలసియుండును. హఠాత్తుగా మానినచో నొప్పి తిరుగబెట్టుటయే కాక చెమటలు, వణకు, విరేచనములు కలుగవచ్చును. కాన ప్రయాణమునకు ముందే వైద్యునిచే లేఖ వ్రాయించుకొనవలెను. వ్యాధి పేరు, మందులు, మోతాదులు, వేయు వేళలు, మలబద్ధకమునకు ఇచ్చుచున్న మందు, సూరత్ వైద్యుని ఫోను నంబరు అందులో ఉండవలెను. తన స్థితిని గూర్చి రోగికి ఎంతవరకు తెలియునో అదియు వ్రాయవలెను. లేఖ గుజరాతీలో ఉన్నచో తెలంగాణమున చదువువారు అరుదు. ఆంగ్లమున ఉండుట మేలు. మందుచీటీని మాత్రలతోపాటు దగ్గరనే ఉంచుకొనవలెను.

మార్ఫిన్ అనగానే నల్లమందు అలవాటగునేమో యను భయము ఇంటివారికి కలుగును. నొప్పికై వైద్యుడు కొలిచి ఇచ్చు మోతాదులో ఆ ప్రమాదము స్వల్పము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన ఈ మందు లభించుట కష్టమయ్యెను. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీనిని నిలువయుంచు పద్ధతిని సులభము చేసిరి. అయినను ఇది ప్రతి ఊరి దుకాణమున దొరకునది కాదు. తెలంగాణమున పలు జిల్లా కేంద్రములలో ఉపశమన విభాగములు కలవు, హైదరాబాదున ఎం.ఎన్.జె. క్యాన్సరు సంస్థ కలదు. తమకు చేరువైనది ఏదో, అచట మార్ఫిన్ లభించునో లేదో, టిక్కెట్టు కొనుటకు ముందే ఫోనున విచారింపవలెను.

ఊరు చేరిన మరునాడే ఆశా కార్యకర్తకు లేఖను చూపవలెను. మాత్రలు ఇంకను వారమునకు సరిపడ ఉండగానే జిల్లా విభాగమునకు వెళ్లి తిరిగి తెచ్చుకొనవలెను. రోగి మరణించినచో, మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఇంట నుంచక, ఇతరులకు ఇయ్యక, ఆ విభాగమునకే అప్పగింపవలెను.