నందివర్ధనం పూయని ఊళ్లో

సావనీరు అచ్చుకు వెళ్లేలోగా ఏదో ఒకటి రాసివ్వమన్నారు. పూజలో పెట్టే పువ్వుల గురించి రాస్తున్నాను. పిల్లలకు వాటి ధ్యాసే లేకుండా పోతోందన్నది నా బెంగ.

యానాంలో మా బావి పక్కన ముద్ద నందివర్ధనం ఉండేది. మల్లెపూలు కొనుక్కునేవాళ్లం గానీ నందివర్ధనం కొన్నవాళ్లను నేను చూడలేదు. గోడ అవతలివాళ్లూ మా చెట్టుకే కోసుకునేవారు. తుంచితే పాలు కారి వేళ్లు జిగటపడేవి. సజ్జలో వేసేముందు వాసన చూశామో, మామ్మ కేకలేసేది. కళ్లు మండుతున్నాయంటే ఆ పూలనే తడిపి రెప్పల మీద పెట్టేది.

1954లో ఫ్రెంచివాళ్లు మా ఊరిని భారత్‌కు అప్పగించారు. 1962లో ఆ అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చాక ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. అలా ఇటు ఫ్రాన్సుకు చేరిన ఇళ్లకు మా ఊరి గుళ్లోని మీసాల వెంకన్న పటం వచ్చింది గానీ నందివర్ధనం మొక్క రాలేదు. వచ్చినా మంచుకు ఆగదు. కుండీలో పెంచి చలికాలమంతా ఇంట్లో దాచేవాళ్లు లేకపోలేదు. బతుకుతుంది, సజ్జ మాత్రం నిండదు.

ఆ లోటు మా ఇంట్లో తెల్ల కంపాన్యూల్ తీర్చింది. సన్నటి ఆకులు, నిలువు కాడలు, గంటల్లాంటి పూలు. చలికాలం నేలకు అంటుకుని ఉండి, జూన్‌లో పూతకొస్తుంది. వాడినవి ఎప్పటికప్పుడు తుంచేస్తుంటే వరలక్ష్మీ వ్రతానికీ నాలుగు పూలు అందుతాయి. పరాయి పువ్వు దేవుడికెలా పెడతామని మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. ఒకరోజు కాడ విరిస్తే తెల్లటి పాలొచ్చాయి. "పాల మొక్కేనే, పెట్టుకోండి" అంది. ఆవిడ తర్కం శాస్త్రానికి నిలవకపోవచ్చు, నాకు మాత్రం చాలు.

కార్తీకంలోనే చిక్కు. ఇక్కడ నవంబరు 1కి చామంతి కుండీలు సమాధుల మీదికి వెళతాయి. మా గుమ్మానికి చామంతి దండ చూసి పక్కింటావిడ ఎవరు పోయారని అడిగింది. అప్పట్నుంచి పిల్లలు చామంతి వద్దంటున్నారు, ప్లాస్టిక్ దండ చాలదా అంటున్నారు. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. అయినా ఒక్క పువ్వైనా వాళ్ల చేత్తో కోసి పెట్టాలని నా ఆశ. ఏ పువ్వన్నది నాకు పట్టింపు లేదు.

కంపాన్యూల్ గుబురు మూడు నాలుగేళ్లకోసారి విడదీయాలి. వసంతం అందుకు మంచి అదను. కాస్త నీడ తగిలే బాల్కనీ కుండీలోనూ వస్తుంది. ఉగాది సభకు పిలకలు తెస్తాను, పిల్లల చేతికే ఇస్తాను. కుండీలు మీరు తెచ్చుకోండి.