మీకు తెలుసా? తార్నాక ఎలుకల కళ్లు

● సికింద్రాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అనగానే ఏం తినాలో చెప్పే సలహాలే గుర్తొస్తాయి. అక్కడి పరిశోధకులు ఎలుకలకు కావాలనే షుగర్ తెప్పించి, వాటి కళ్లు ఎలా పాడవుతాయో కూడా చూశారు.

● అందుకు వాడిన మందు స్ట్రెప్టోజోటోసిన్. మట్టిలోని ఓ బ్యాక్టీరియా తయారుచేసే రసాయనమిది. దీని అణువులో గ్లూకోజ్ లాంటి భాగం ఉంటుంది. ఆ ముసుగులో క్లోమంలోని బీటా కణాల్లోకి దూరి వాటిని చంపేస్తుంది. ఇన్సులిన్ పడిపోతుంది, రక్తంలో చక్కెర పెరిగిపోతుంది.

● 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఈ ఎలుకల రెటీనాలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగింది. షుగర్ రోగుల కళ్లలో పెళుసు రక్తనాళాలు మొలవడానికి కారణం ఇదే. మేతలో పసుపు గానీ, పసుపులోని కుర్కుమిన్ గానీ కలిపిన ఎలుకల్లో ఆ పెరుగుదలకు కళ్లెం పడింది.

● అలాగని పసుపు చెంచాలకొద్దీ మింగకండి! 2003లో ఇదే సంస్థ గాలక్టోజ్ మేతతో ఎలుకలకు శుక్లాలు తెప్పించింది. మేతలో 0.002 శాతం కుర్కుమిన్ కలిపితే శుక్లం ఆలస్యమైంది. 0.01 శాతం కలిపితే ముదరడం ఇంకా వేగం పుంజుకుంది.

● ఎలుక కన్ను అన్నిసార్లూ మన కంటికి నమూనా కాదు. కల్తీ సారాలోని మిథనాల్ మనిషి కంటినరాన్ని దెబ్బతీసి చూపు పోగొడుతుంది. మామూలు ఎలుకకు మాత్రం ఆ గుడ్డితనం రాదు. మిథనాల్ నుంచి పుట్టే ఫార్మిక్ ఆమ్లాన్ని దాని కాలేయం చకచకా వదిలించుకుంటుంది. అందుకే శాస్త్రవేత్తలు కోతుల మీద, ఫోలేట్ తగ్గించిన ఎలుకల మీద పరీక్షించాల్సి వచ్చింది.

● 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్ పక్కనున్న బేగంపేటలోనే. అప్పట్లో మలేరియాకు మందు క్వినైన్. మోతాదు మించితే చూపు పోవచ్చు. ఎందుకో తేల్చడానికి అమెరికా కంటి వైద్యుడు డి ష్వైనిట్జ్ ఆ దశాబ్దంలోనే కుక్కల మీద ప్రయోగాలు చేశాడు.

● తర్వాత వచ్చిన క్లోరోక్విన్ కంట్లోని రంగు పదార్థమైన మెలనిన్‌ను పట్టుకుని వదలదు. మెలనిన్ లేని తెల్ల ఎలుక కంట్లో అంతగా పేరుకోదు. తెల్ల ఎలుకనొక్కదాన్నే నమ్ముకుంటే మన కంటికి పొంచి ఉన్న ముప్పు తెలియదు.

● కీళ్లవాతానికి, లూపస్‌కు క్లోరోక్విన్‌కు దగ్గరి బంధువైన హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నారా? రోజు మోతాదు శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా కంటి వైద్యుల అకాడమీ 2016 సూచన. మొదటి ఏడాదిలోనే ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి.