బొగ్గుబాయి దీపం, నీళ్లబాయి తాడు

గోదావరిఖనిలో 'బాయి పని' అంటే గని పనే. షిఫ్టుకు పోయే కార్మికుడు 'బాయికి పోతున్న' అంటాడు. ఆ పక్క పల్లెల్లో కూలీకి బాయంటే నీళ్లబాయి. రెండింటికీ పేరొకటే, అడుగున మనిషిని చంపే గాలీ ఒకటే. తేడా యేమంటే, బొగ్గుబాయిలో గాలిని పరీక్షించడానికి సర్దార్ వున్నాడు. నీళ్లబాయిలో పూడిక తీయడానికి దిగే కూలీకి సరైన తాడైనా వుండదు.

వాడక మానేసిన బాయి అడుగున ఆకూ అలమూ కుళ్లుతుంటాయి. ఆ కుళ్లు ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. అది మామూలు గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు గనక అడుగునే పేరుకుంటుంది. మూసేసిన పాత గని దారుల్లో బొగ్గే మెల్లమెల్లగా ప్రాణవాయువును పీల్చుకుంటుంది. బయటి గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. గనిలో పనిచేసే చోట అది 19కి తగ్గరాదని, బొగ్గుపులుసు గాలి అర శాతం మించరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే రాశారు. మన వూరిబాయికి అటువంటి కొలత అడిగినవాడెవడు?

యిక్కడ మన వొంటి సంగతి ఒకటి విచిత్రంగా వుంటుంది. ఊపిరాడడం లేదని మనకు చెప్పేది ప్రాణవాయువు కొరత కాదు, రక్తంలో పెరిగే బొగ్గుపులుసు గాలి. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరుడితో కలిసి 1905లో దీన్ని నిరూపించాడు. అంటే ప్రాణవాయువు మాత్రమే తగ్గిపోయిన చోట మనిషికి ఆయాసం రాదు, భయమూ పుట్టదు. ప్రాణవాయువు మరీ తక్కువైతే రెండు మూడు ఊపిరులకే కూలిపోతాడు. పైనున్నవాళ్లు 'కాలు జారిందేమో' అనుకుంటారు.

అనుకుని, తమ్ముడు దిగుతాడు. వాని వెనక బావమరిది. యిది తెలివితక్కువతనం కాదు, కన్నవాళ్ల మీద, తోడబుట్టినవాళ్ల మీద వుండే ప్రేమ. కాని యిరుకు తావుల్లో చనిపోయేవాళ్లలో నూటికి అరవైమందికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లో చెప్పింది. గని రెస్క్యూ దళం ప్రాణవాయువు సిలిండరు వీపున కట్టుకోనిదే చెడ్డ గాలిలోకి అడుగు పెట్టదు. వాళ్లకేమన్నా ధైర్యం తక్కువా?

మరి మనకేమున్నది? లాంతరు వున్నది. ప్రాణవాయువు 16, 17 శాతానికి పడిపోతే వత్తి ఆరిపోతుంది. మనిషి అంతకన్నా కొంచెం ఎక్కువసేపు నిలుస్తాడు గనక దీపమే ముందుగా చెబుతుంది. గనిలో మండే గాలి కూడా వుంటుంది గనక వట్టి మంట పెడితే పేలుతుంది. అందుకే 1815లో డేవీ మంట చుట్టూ యినుప జల్లెడ బిగించాడు. కుళ్లిన పూడికలోనూ ఆ గాలి పుడుతుంది. కాబట్టి లాంతరును పొడుగు తాడుతో దించండి, బాయి మీదికి వంగి చూడకండి. దీపం ఆరితే ఆ రోజు దిగుడు లేదు. దొర 'ఏం గాదు, దిగురా' అన్నా సరే.

దీపం వెలిగినంత మాత్రాన నమ్మడానికి లేదు. పెట్రోలు, డీజిలు ఇంజను బాయి లోపల నడిపితే వచ్చే విషవాయువు దీపాన్ని ఆర్పదు, మనిషిని ఆర్పుతుంది. యింగ్లండు గనుల్లో దానికోసమే పిట్టలను తీసుకుపోయేవారు, 1986 దాకా. చిన్న ప్రాణం గనక అది ముందు పడిపోయేది. మనం చేయగలిగింది ఇంజన్ను గట్టు మీదే దూరంగా వుంచడం.

దిగేముందు పంకాతోనో, వేపమండలు కట్టిన తాడు పైకీ కిందికీ ఆడించో లోపలి గాలిని కదిలించాలి. దాని తరువాత కూడా దీపం దించి చూడాలి. దిగేవాడి నడుముకూ రెండు భుజాలకూ ముందే తాడు కట్టాలి. గట్టు మీద నలుగురు వుండాలి. ఆ నలుగురి పని లాగడమే, దిగడం కాదు. తాడు కట్టకుండా పడిపోతే 101కు ఫోను చేయాలి. యింత యేర్పాటుకు సగం పూట పడుతుంది. ఆ సగం పూట కూలి కూడా కూలిలో భాగమేనని పని ఒప్పుకునే ముందే మాట్లాడుకోవాలి.

మబ్బు పట్టి, గాలి బరువు తగ్గిన రోజున నేలలో దాగిన చెడ్డ గాలి బాయిలోకి ఎక్కువగా వూరుతుంది. గనివాళ్లు భారమితి చూసి ఆ సంగతి పసిగడతారు. నిన్న బాగున్న బాయిని యివాళ మళ్లీ చూడాల్సిందే.